వెనక గది తలుపు

నాలుగు పేజీల మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. రోజూ తెల్లవారుజామున గంటసేపు ప్రార్థన చేస్తున్నాననీ, ప్రతి ఆదివారం వృద్ధాశ్రమానికి వెళ్ళి అక్కడి పెద్దవారికి తల దువ్వి, గోళ్ళు తీసి, కబుర్లు చెప్పి వస్తున్నాననీ, అయినా మనసు కుదుటపడటం లేదనీ రాశారు. ప్రార్థన సమయం పెంచాలా, సేవకు మరో రోజు కేటాయించాలా అని అడిగారు. రెండూ అక్కర్లేదు. మీ ఇబ్బంది అక్కడ లేదు.

అది మూడో పేజీ చివర, ఒక్క వాక్యంలో ఉంది: ‘మంచాన పడిన మా అత్తగారికి మనిషిని పెట్టాము, ఏ లోటూ లేదు.’ ఆశ్రమంలో ఎవరికి ఏ మోకాలు నొప్పో వివరంగా రాసిన మీరు, మీ ఇంటి వెనక గదిలో ఉన్నావిడ గురించి అంతకు మించి ఒక్క మాటా రాయలేదు.

మదర్ థెరిసా మీకు ఆదర్శమని రాశారు కనుక ఒక సంగతి గుర్తుచేస్తాను. 1979లో శాంతి బహుమతి అందుకోవడానికి ఓస్లో వెళ్ళినప్పుడు చేసిన ప్రసంగంలో, తాను చూసిన ఒక వృద్ధాశ్రమం గురించి ఆమె చెప్పారు. అక్కడి వారికి అన్ని వసతులూ ఉన్నాయి, కానీ ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు, అందరి చూపూ తలుపు వైపే ఉంది. కొడుకో కూతురో వస్తారేమోనని వారి ఎదురుచూపు. శాంతి బహుమతి వేదిక మీద ఆమె మాట్లాడింది ఇటువంటి ఇళ్ళ గురించి, ప్రేమ ఇంట్లోనే మొదలవుతుందన్న విషయం గురించి. ఏ లోటూ లేదని మీరు రాసిన మాట చదివినప్పుడు నాకు ఆ తలుపే గుర్తొచ్చింది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ మిమ్మల్ని నలుగురిలో చులకన చేసి ఉండవచ్చు. మీ మౌనం వెనక అటువంటిదేదో ఉందని నా అనుమానం. ఉంటే, క్షమించెయ్యమని నేను చెప్పను. పడిన మాటలను పడనట్టు నటించడం ఆత్మగౌరవం ఉన్నవారికి కుదిరే పని కాదు, దేవుడు కూడా ఆ నటన అడుగుతాడని నేను నమ్మను. అయితే పరాయివారి మీద దయ చూపడం తేలిక, ఎందుకంటే వారితో మనకు పాత లెక్కలు ఉండవు. లెక్క తేలని మనిషికి ఒక గ్లాసు నీళ్ళు అందించడానికే నిజమైన విశ్వాసం కావాలి. మీ ప్రార్థన ఆ గది గడప దగ్గర ఆగిపోతున్నది.

మరొక మాట. మీ వారి ప్రస్తావన ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆయన ఆవిడ కన్నకొడుకు. కర్తవ్యమంతా కోడలి నెత్తిన పెట్టి తాను తప్పుకోవడాన్ని నేను ఒప్పుకోను. ఈ జవాబు ఆయనకూ చదివి వినిపించండి.

పెట్టిన మనిషిని మానిపించవద్దు, బరువు పనులు ఆమే చేస్తుంది. రాత్రి వేసే మందు మాత్రం మీ చేత్తో ఇచ్చి, మంచం పక్కన ఐదు నిమిషాలు కూర్చోండి. మాటలు లేకపోయినా ఫరవాలేదు. మొదటి రోజుల్లో ఆవిడ గోడ వైపు తిరిగి పడుకోవచ్చు, లేదా ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా అని దెప్పవచ్చు. జవాబు చెప్పకుండా గ్లాసు తీసుకుని వచ్చేసి, మర్నాడు మళ్ళీ అదే వేళకు వెళ్ళండి.