మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలుపెట్టారు

ప్రశ్న: మాది గుంటూరు. మావారు మిర్చియార్డులో గుమస్తా. పదేళ్లుగా తాగుతున్నారు. పోయినేడాది భవానీ మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టలేదు. అందరూ ‘భవానీ’ అని పిలుస్తుంటే మురిసిపోయేవారు. విజయవాడ వెళ్లి ఇరుముడి సమర్పించి వచ్చిన సాయంత్రమే మళ్లీ తాగారు. ఆర్నెల్లుగా పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి, కాస్త పడితేగానీ ఆగడం లేదు. మళ్లీ మాల వేయిద్దామని మా అత్తగారు అంటున్నారు. పక్కూళ్లో ఎవరో ఇచ్చే పసరు ఆయనకు తెలియకుండా కూరలో కలపమనీ చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మాల వేయించండి. కానీ ముందు డాక్టర్‌కు చూపించండి.

నాకు టెన్షన్ ఆ వణుకు గురించే. మద్యానికి అంతగా అలవాటుపడిన ఒంటికి అది ఉన్నట్టుండి ఆగిపోతే 48 గంటల్లోపే ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపించడం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే ప్రాణానికే ముప్పు. పోయినేడాది ఏమీ కాలేదు కదా అనుకోకండి, అప్పటికి ఈ వణుకు లేదు. ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ఫిట్స్ రాకుండా మందులు, బి1 విటమిన్ ఇచ్చి కొన్నాళ్లు కనిపెట్టుకుని ఉంటారు. ఈలోగా ఒట్లు పెట్టించి ఒక్కసారిగా మాన్పించకండి. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే 14446కు ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

పసరు మాత్రం వద్దు. అందులో ఏం కలిపారో మీకు తెలియదు. తాగుడు మాన్పించడానికి డాక్టర్లిచ్చే డైసల్ఫిరామ్ అనే మందు వేసుకుని తాగినా వాంతులు, గుండెదడ వస్తాయి, బీపీ పడిపోతుంది. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించాకే ఇస్తారు. రేపు పసరు సంగతి బయటపడితే మీ చేతి అన్నం తినడానికే ఆయన భయపడతారు.

ఇక మాల. ఆ 41 రోజులు ఆయన్ని నిలబెట్టినదాంట్లో భక్తి ఉంది, చన్నీళ్ల స్నానం, పీఠం దగ్గర పూజ ఉన్నాయి, తోటి భవానీలున్నారు. అన్నిటికన్నా ఆ పిలుపు ఉంది. ఏళ్లుగా తాగుబోతు అనిపించుకున్న మనిషికి అదెంత బలమో నేను చాలా ఇళ్లల్లో చూశాను. మాల తీయగానే అవన్నీ ఒక్కరోజులో పోయాయి. పాత సాయంత్రం, పాత స్నేహితులు అలాగే ఉన్నారు.

కాబట్టి 42వ రోజు గురించి ఇప్పుడే, మాల వేసే గురుభవానితో మాట్లాడండి. మాల లేకపోయినా సాయంత్రం స్నానం, దీపం, గురుభవాని దగ్గర ఓ అరగంట కూర్చోవడం ఆగకూడదు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు దగ్గర్లో ఉంటే పంపండి. 1935లో అమెరికాలో తాగుడుతో నలిగిన ఇద్దరు మొదలుపెట్టింది అది. ఎవరికి తెలిసిన రూపంలో వాళ్లు దేవుణ్ని నమ్ముకోవచ్చు, ఫీజు ఉండదు.

విరమణ రోజు ఆయన్ని ఒక్కరినే పంపకండి, మీరూ కొండకు వెళ్లండి. ఆ రాత్రి మీ ఇంట్లోనే భోజనం చేయమని గురుభవానిని ముందే పిలిచి ఉంచండి.