ఎడతెగక: ఎక్కడ తెగకూడదు?

సందేహం: బైబిలులో ‘యెడతెగక ప్రార్థనచేయుడి’ అని ఉంది. పగలంతా పనిలో ఉండేవాళ్లకు అది కుదిరేదేనా? ఆ మాట పాతబడిందని మేము ‘ఎల్లప్పుడూ’ అని మార్చి చదువుకుంటున్నాం. తప్పా?

సమాధానం: మార్చకండి. ఆ వాక్యం థెస్సలొనీకయులకు పౌలు రాసిన మొదటి పత్రికలోది (5:17). దాని ముందు వాక్యం ‘ఎల్లప్పుడును సంతోషముగా ఉండుడి’. పక్కపక్కనే రెండు వేరువేరు మాటలు ఊరికే పడలేదు. గ్రీకు మూలంలోనూ అవి వేరే. రెంటినీ ‘ఎల్లప్పుడూ’ చేస్తే అనువాదకుడు పడ్డ శ్రమ వృథా.

‘ఎడ’ అంటే నడిమి చోటు, సందు. ఎడం, ఎడబాటు అందులోంచి వచ్చినవే. తమిళంలో ‘ఇడై’ దీని తోబుట్టువు. ‘నాయెడ దయ చూపు’ అన్నప్పుడు ఆ ఎడమే ఆప్యాయత అవుతుంది. ఎంత అందమైన మాటో చూడండి. మరి సందు తెగకపోవడమేమిటని అడగవచ్చు. ‘నడుమ తెగక’ అని విడదీసుకోవాలని నేననుకుంటాను. దారం గుర్తుకు రావాలి. గ్రీకులో ఇక్కడున్న ‘అదియాలెయిప్తోస్’ కూడా నడుమ విడుపు లేకుండా అనే చెబుతుంది. సంస్కృతంలో ‘నిరంతరం’ అంటే అంతరం లేనిది. మూడు భాషలకూ తోచిన ఊహ ఒక్కటే!

పోతనగారు ప్రహ్లాదుణ్ణి ‘పానీయంబులు ద్రావుచున్ గుడుచుచున్ భాషించుచున్’ అని మొదలుపెట్టి, నవ్వులోనూ నిద్రలోనూ కూడా నారాయణుడి చింతనలోనే ఉన్నాడంటారు. అక్కడ ఆయన వేసిన మాట ‘సంతత’, అంటే సాగదీసి పరచినది. తాగడం, తినడం, మాట్లాడడం ఏదీ ఆగలేదు. లోపలి దారమూ తెగలేదు. కొలిచే దైవం వేరు కావచ్చు, కాని ‘ఎడతెగక’కు ఇంతకన్న మంచి వ్యాఖ్య నాకు దొరకలేదు.

పౌలు గుడారాలు కుట్టి బతికినవాడు. థెస్సలొనీకలో రాత్రింబగళ్లు కష్టపడ్డానని అదే పత్రికలో (2:9) చెప్పుకున్నాడు. కాబట్టి రోజంతా మోకాళ్లమీదే ఉండమని ఆయన ఉద్దేశం కాదనే నా అభిప్రాయం. గిన్నె కడుగుతూ, లెక్క రాస్తూ, పడుకున్న బిడ్డకు దుప్పటి సర్దుతూ లోపల ఒక్కమాట అనుకోవడానికి పని అడ్డం రాదు. ‘ప్రార్థన’కు అసలు అర్థం అడగడమే కదా.

‘నిరంతరం’ అంటే తప్పనను. ‘కంటిన్యూగా ప్రేయర్ చేయండి’ అంటే మాత్రం మనసు చివుక్కుమంటుంది. ఇంటి భాషలో ఇంత మంచి మాట ఉండగా అరువెందుకు? వాన విషయంలో ‘ఎడతెరిపి లేకుండా’ అని ఇప్పటికీ అంటున్నాం. ఆ నాలుకకు ‘ఎడతెగక’ పలకడం కష్టమా?

యకారంతో ‘యెడ’ అని రాసినా ‘ఎడ’ అని రాసినా మాట ఒకటే. మీ ప్రతిలో ఎలా ఉంటే అలా చదువుకోండి.