మసత్లాన్ కార్నివాల్‌కు వెళ్లబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మెక్సికోలోని గ్వాదలహారాలో ఉద్యోగంలో కుదురుకున్నావనీ, రాబోయే మసత్లాన్ కార్నివాల్‌కు వెళ్లాలనుకుంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ దేశంలో పనిచేసిన రోజుల్లో మసత్లాన్ వీధుల్లో తెల్లవార్లూ నిలబడి అక్కడి మేళాలు విన్నవాణ్ణి కనుక, నాలుగు మాటలు వివరంగా రాస్తున్నాను.

క్రైస్తవుల ఉపవాస దినాలు మొదలయ్యే విభూది బుధవారానికి ముందు గురువారం నుంచి మంగళవారం దాకా ఆ పండుగ జరుగుతుంది. 1898లో ఊరివాళ్లు సంఘంగా ఏర్పడి దానికి ఒక పద్ధతి తెచ్చారు. సాయంత్రాలు సముద్రతీరంలోని ఓలాస్ ఆల్తాస్ ప్రాంతంలోకి టికెట్టు కొని, సోదా చేయించుకుని వెళ్లాలి. పెద్ద వేదికల మీద పేరున్న గాయకులు పాడతారు. అవి వినవద్దని అనను కానీ, నీ సమయంలో ఎక్కువ భాగం వీధిలో నిలబడి వాయించే బాందాలకే, అంటే ఊదే వాద్యాలూ డోళ్లూ కలిసిన మేళాలకే, కేటాయించు. మసత్లాన్ ఉన్న సినలోవా రాష్ట్రపు అసలు సంగీతం అదే.

మన పెళ్లి ఊరేగింపులోని బ్యాండు మేళం వింటూ పెరిగినదానివి, ఆ శబ్దం నీకు కొత్తగా ఉండదు. అయితే అందరూ ఒక్కసారే వాయిస్తున్నారని అనుకుని ఊరుకోకు. క్లారినెట్లు ఒక వరస ఎత్తుకుంటే ట్రంపెట్లు దానికి బదులు చెబుతాయి, ఆ వెంటనే ట్రాంబోన్లు అందుకుంటాయి. తూబా అనే పెద్ద బాకా అడుగున శ్రుతి పట్టుకుని ఊరుకోకుండా మధ్యమధ్య తానూ గమకాలు పోతుంది. తంబోరా అనే పెద్ద డోలు వాయించేవాడు ఒక చేత్తో డోలు కొడుతూ, రెండో చేత్తో దాని పైన బిగించిన తాళాన్ని మోగిస్తాడు. ఈ సంభాషణ అంతా తెలియాలంటే డోలుకు మరీ దగ్గరగా కాక, క్లారినెట్లకూ ట్రాంబోన్లకూ మధ్య, కొన్ని అడుగుల దూరంలో నిలబడు. చెవుల్లో పెట్టుకునే దూది బిరడాలు తప్పకుండా తీసుకువెళ్లు.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది, వీధిలో మోగే ఆ బాందాకు సాధారణంగా ఎవరో డబ్బు ఇచ్చి ఉంటారు. ఒక కుటుంబమో స్నేహితులో పాటకు ఇంత అనో గంటకు ఇంత అనో మాట్లాడుకుని తమ మధ్య వాయింపించుకుంటారు. వలయం బయట నిలబడి వింటే ఎవరూ కాదనరు. పిలవకుండా లోపలికి వెళ్లవద్దు, పిలిస్తే మాత్రం సంకోచించకుండా వెళ్లి ఆడు. బీరు వద్దనుకుంటే గుండె మీద చేయి వేసి గ్రాసియాస్ (ధన్యవాదాలు) అంటే చాలు. వాళ్ల పిల్లల ముఖాలు వీడియోలో పడేలా ఉంటే ముందు అడుగు.

అలా ఉచితంగా విన్నాక, ఒక్క పాటైనా నీ డబ్బుతో వాయింపించుకోమని నా గట్టి కోరిక. ధర, పాటల లెక్క ముందే తేల్చుకుని, పెసోలు నోట్లుగా సిద్ధంగా ఉంచుకో. ఆ మొత్తాన్ని పది పన్నెండు మందికి పైగా పంచుకోవాలి కనుక గీచిగీచి బేరమాడవద్దు. ఏది అడగాలో తోచకపోతే 'ఎల్ నిన్యో పెర్దీదో' (తప్పిపోయిన బిడ్డ) అడుగు. అందులో ఒక ట్రంపెట్టు దూరంగా వెళ్లి తప్పిపోయిన బిడ్డలా పిలుస్తుంది, బాందా ఇక్కడినుంచి బదులిస్తుంది, చివరకు ఆ ట్రంపెట్టు వాయిస్తూనే తిరిగి వచ్చి కలుస్తుంది. వేదిక ముందు కుర్చీలో కూర్చుంటే ఆ దూరం, ఆ దగ్గరితనం నీకు దక్కవు. మాదకద్రవ్యాల ముఠాల నాయకులను పొగిడే కొరీదోలు (కథాగేయాలు) మాత్రం ఎన్నడూ అడగవద్దు. పరాయి దేశస్థురాలికి ఆ గొడవలతో పని లేదు.

సినలోవాలో ముఠాల హింస నిజమైన విషయం. బయలుదేరే ముందు వార్తలు చూసుకో, రహదారి ప్రయాణం పగటిపూటే పెట్టుకో, రాత్రి జనం ఉన్న మలెకోన్ (సముద్రపు ఒడ్డు బాట) వదిలి ఒంటరిగా నడవకు.

గది విషయం కూడా ఆలోచించుకో. 2024 మార్చిలో బీచిలో బాందాల మోత ఎక్కువైందని కొందరు హోటళ్లవాళ్లు అభ్యంతరం చెబితే, తమ జీవనాధారం పోతుందని వాద్యకారులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. నిద్ర కావాలనుకుంటే తీరానికి దూరంగా గది తీసుకో గానీ, తీరాన దిగి శబ్దం మీద ఫిర్యాదు చేయవద్దు. ఆ వారానికి గదులు చాలా ముందే నిండిపోతాయి కనుక ఈ ఉత్తరం అందగానే మాట్లాడుకో.

ఇట్లు,
మీ పెదనాన్న