చిగుళ్ల జబ్బు ముదిరితే నోటి క్యాన్సర్ అవుతుందా?

బ్రష్ చేసినప్పుడల్లా రక్తం వస్తోందని, అది క్యాన్సర్‌కు దారితీస్తుందేమోనని అడిగారు. రక్తం ఒక్కటే చూసి హడలిపోకండి. చాలావరకు అది గార పేరుకుని చిగుళ్లు వాయడం వల్లే. డెంటిస్టు దగ్గర గార తీయించుకుంటే తగ్గుతుంది. చిగుళ్ల జబ్బు ఏళ్ల తరబడి ఉన్నవారిలో నోటి క్యాన్సర్ కొంత ఎక్కువగా కనిపించిందన్న పరిశోధనలు ఉన్న మాట నిజమే. అయితే పొగాకు రెండింటికీ మూలం కాబట్టి, ఇందులో చిగుళ్ల జబ్బు వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

నన్నడిగితే అసలు భయం మరోచోట ఉంది: క్యాన్సరే చిగుళ్ల జబ్బు వేషంలో రావడం. మా మేనత్తది శ్రీకాకుళం జిల్లా. ఆమెకు అడ్డపొగ అలవాటు, అంటే చుట్ట నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. గాలికి ఆరిపోదని, ఎక్కువసేపు వస్తుందని చెప్పేది. పై దవడ పన్ను ఒకటి కదిలితే చిగుళ్లు వదులయ్యాయని ఒకచోట పీకేశారు. ఆ గుంట మానలేదు. పూడాల్సిన చోట ఎర్రటి కండ పైకి పెరిగింది, అంచులు గట్టిపడ్డాయి. మందులు మారుస్తూ పోయారే తప్ప ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపలేదు. చివరికి మరో డాక్టరు అంగిలి చూశారు. అది తెల్లబారి, మధ్యలో ఎర్ర చుక్కలతో ఉంది. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. పై దవడలో కొంత తీసేశారు. ఇప్పుడు అంగిలికి ప్లేటు పెట్టుకోకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి.

ఇంకో సంగతి. ఆమెకు చిగుళ్ల నుంచి రక్తం ఎప్పుడూ కారలేదు. పొగతాగేవారిలో చిగుళ్ల రక్తస్రావం తగ్గిపోతుందట, అందుకే లోపల జబ్బు ఉన్నా పైకి తెలియదు.

రెండు వారాలు దాటినా మానని పుండు, గీకినా పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, కారణం లేకుండా కదిలే పన్ను, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం... వీటిలో ఏది ఉన్నా బయాప్సీ అవసరమా అని మీరే అడగండి. ముక్క తీస్తే ముదిరిపోతుందని మా ఇంట్లోనూ పెద్దవాళ్లు అడ్డుపడ్డారు. అది ఉత్త అపోహ.

పొగాకు, గుట్కా, వక్కపొడి అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే గార తీసేటప్పుడే నాలుక కింద, బుగ్గల లోపల, అంగిలి కూడా చూడమనండి.