ఈసీజీ మళ్లీ ఎందుకు తీశారు? ఆ వైర్ల చొక్కా కథేంటి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నాన్నగారికి అప్పుడప్పుడూ గుండె దడ వస్తోంది. ఇక్కడ ఈసీజీ తీస్తే గీతంతా వణికిందని ఫ్యాన్ ఆపి, ఛాతీ తుడిచి మళ్లీ తీశారు. మొదటిది తప్పయితే రెండోదాన్ని ఎలా నమ్మాలి? ఒక వీడియోలో ఛాతీ నిండా ఎలక్ట్రోడ్లున్న చొక్కా తొడిగి, కంప్యూటర్లో గుండెను రంగుల్లో చూపించారు. అది చేయిస్తే మేలా? ఒంట్లోకి కరెంటు పంపుతారా?
– ఒక పాఠకుడు, గజపతి జిల్లా

జవాబు: కరెంటు పంపరండీ, ఆ భయం వదిలేయండి. గుండె తనంతట తాను పుట్టించే కరెంటును చర్మం మీద కొలుస్తారు, అంతే. అది మహా అయితే ఒకటి రెండు మిల్లీవోల్టులు. ఇంటి వైరింగులోని 50 హెర్ట్జ్ కరెంటు ఒంటి మీద అంతకంటే పెద్ద అలనే లేపగలదు. గీత మీద ఒకే ఎడంతో దగ్గరదగ్గరగా వచ్చే వణుకు అదే. వణుకు అడ్డదిడ్డంగా ఉంటే చలికో టెన్షన్‌కో బిగుసుకున్న కండరాలది. గీత మొత్తం మెల్లగా పైకీ కిందికీ తేలుతోందంటే ఊపిరి వల్ల, లేదా చెమటకు ప్యాడ్ సరిగ్గా అంటుకోక. మీ దగ్గర మళ్లీ తీసినతను పని తెలిసినవాడు, వణుకును వడగట్టే ఫిల్టర్ బటన్ నొక్కేసి సరిపెట్టలేదు. 40 హెర్ట్జ్ ఫిల్టర్ వేస్తే గీత చూడ్డానికి బాగుంటుంది కానీ అందులోని సన్నటి గంట్లూ కొట్టుకుపోతాయి. తేలడాన్ని ఆపే ఫిల్టర్ మరీ గట్టిగా వేస్తే ఎస్‌టీ భాగం (బీటు శిఖరం తర్వాత వచ్చే గీత ముక్క) అటో ఇటో జరిగి, లేని గుండెపోటు ఉందేమో అనిపించొచ్చు. రెండోదాన్నే నమ్మండి.

ఇక చొక్కా. దాన్ని ఈసీజీ ఇమేజింగ్ అంటారు. అమెరికాలో శాస్త్రవేత్త యోరమ్ రూడీ బృందం 2004లో మనుషుల మీద చేసి చూపింది. మామూలు ఈసీజీకి 10 ఎలక్ట్రోడ్లు, దీనికి 200 పైచిలుకు. సీటీ స్కాన్ కూడా తీసి ఏ ఎలక్ట్రోడ్ గుండెకు ఎంత దూరంలో ఉందో చూసుకుంటారు. గుండె మీద వోల్టేజీ తెలిస్తే చర్మం మీద ఎంతొస్తుందో లెక్కగట్టొచ్చు, చిక్కంతా దాన్ని తిరగేయడంలోనే, అంటే చర్మం మీది కొలతల నుంచి గుండె మీది వోల్టేజీ రాబట్టడంలోనే. రథయాత్ర రోజు తలుపులేసుకుని ఇంట్లో కూర్చుని, ఏ మేళం వీధిలో ఎక్కడుందో చప్పుడును బట్టి చెప్పమన్నట్టు. ఊపిరితిత్తులు, కండరం, కొవ్వు దాటి వచ్చేసరికి వివరాలు కలిసిపోతాయి. నేరుగా తిరగేస్తే చర్మం మీద మైక్రోవోల్టుల్లో ఉన్న నాయిస్ (గుండెది కాని వణుకు) గుండె బొమ్మలో కొండంత అవుతుంది. అందుకే లెక్కకు ఒక షరతు పెడతారు: జవాబు కొలతలకు సరిపోవాలి, అలాగని ఇష్టమొచ్చినట్టు ఎగిరిపడకూడదు. తిఖోనోవ్ పద్ధతి ఇలాంటిదే. షరతు బిగిస్తే పక్కపక్కనున్న రెండు చోట్లు ఒకటైపోతాయి, వదులు చేస్తే నాయిసే రంగులేసుకుని రోగంలా కనబడుతుంది. ఎలక్ట్రోడ్లు ఎన్ని పెంచినా ఈ తంటా పూర్తిగా పోదు. ఆ బొమ్మ ఫోటో కాదు, లెక్కగట్టిన అంచనా. వీడియోలవాళ్లు ఈ ముక్క ఎందుకు మింగేస్తారో మరి!

అబ్లేషన్‌కు (దడ పుట్టించే చోటును గుండెలో మాడ్చే చికిత్సకు) ముందు, అదనపు బీట్లు ఎక్కణ్నుంచి పుడుతున్నాయో వెతకడానికి ఇది పనికొస్తుంది. నాన్నగారి విషయం ఇంకా అంతదాకా రాలేదు. ఆయనకు దడ వచ్చిపోతోంది కాబట్టి, వచ్చిన ఆ కాసేపట్లో గీత పట్టుకోవడం ముఖ్యం. 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించుకుని తిరిగే చిన్న ఈసీజీ యంత్రం) పెడతారేమో డాక్టరుగారిని అడగండి. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోవడమో ఛాతీలో నొప్పో ఉంటే మాత్రం హోల్టర్ కోసం ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.