ఇంగ్లండ్ పల్లెల్లో యుద్ధ స్మారకాల మీద ఒకే ఇంటి అన్నదమ్ముల పేర్లు ఎందుకు కనిపిస్తాయి? వాళ్ల సమాధులు కూడా అక్కడే ఉంటాయా?

ఉండవు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన సైనికుల శవాలను స్వదేశానికి తేవడాన్ని బ్రిటన్ 1915లోనే నిషేధించింది. ఎక్కడ పోతే అక్కడే ఖననం. ఫ్రాన్స్ దాకా వెళ్లే స్తోమత చాలామంది తల్లిదండ్రులకు లేదు. అందుకే ఊళ్లోని పేర్ల పలకే వాళ్లకు సమాధి అయింది. పువ్వు పెట్టడానికి వేరే చోటు లేదు మరి.

గ్లాస్టర్‌షైర్‌లోని గ్రేట్ రిస్సింగ్టన్ అనే చిన్న ఊరినే చూడండి. సోల్స్ కుటుంబంలో ఆల్బర్ట్, ఫ్రెడరిక్, వాల్టర్ 1916లో పోయారు. కవలలు ఆల్ఫ్రెడ్, ఆర్థర్ 1918 ఏప్రిల్‌లో ఐదు రోజుల తేడాతో పోయారు. ఫ్రెడరిక్ శవం దొరకనే లేదు. ఊరి చర్చిలో ఆ ఐదుగురినీ ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ తల్లి ఆనీని తలుచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది.

ఒకే ఊరివాళ్లను ఒకే దళంలో చేర్చుకోవడం ఇలాంటి విషాదాలకు ఒక కారణం. కానీ అదొక్కటే కాదు. సోల్స్ సోదరులంతా ఒకే దళంలో లేరు. వయసులో ఉన్న కొడుకులు ఎక్కువమంది ఉన్న ఇళ్లకే దెబ్బ ఎక్కువ తగిలింది.

ఉత్తర ఇంగ్లండ్‌లోని బార్నార్డ్ కాజిల్ అనే పట్టణంలో స్మిత్ కుటుంబం కూడా ఐదుగురిని పోగొట్టుకుంది. అక్కడి పాస్టర్ భార్య రాణి మేరీకి ఉత్తరం రాశాక, మిగిలిన ఒక్క కొడుకు విల్‌ఫ్రెడ్‌ను సైన్యం ఇంటికి పంపించింది.