సొంత కారులో పడ్డ స్పీడింగ్ టికెట్, ట్రాఫిక్ స్కూల్‌కి ఒప్పుకోని కోర్టు: సమాధానం

ట్రాఫిక్ స్కూల్‌కి మీరు పెట్టుకున్న దరఖాస్తుని కోర్టు ఎందుకు తిప్పి పంపిందని అడిగారు. కారణం మీకు సీడీఎల్ (లారీల్లాంటి కమర్షియల్ బళ్ళు నడిపే లైసెన్సు) ఉండటమే. నడిపింది సొంత కారైనా, ఆ రోజు డ్యూటీలో లేకపోయినా అంతే. క్లాసుకెళ్ళి టికెట్‌ని రికార్డుకెక్కకుండా ఆపుకునే వెసులుబాటు సీడీఎల్ ఉన్నవాళ్ళకి ఇవ్వొద్దని అమెరికా ఫెడరల్ రూల్.

చాలామంది దెబ్బతినేది దీని తర్వాత. ఎలాగూ తప్పదు కదా అని ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేస్తారు. కట్టారంటే తప్పు ఒప్పుకున్నట్టే, కన్విక్షన్ (తప్పు చేశారని కోర్టు తేల్చడం) పడ్డట్టే. దయచేసి ఇప్పుడే కట్టకండి.

1. టికెట్ మీదున్న గడువులోపు నాట్ గిల్టీ అని చెప్పి హియరింగ్ అడగండి.

2. సీడీఎల్ కేసులు చూసే లాయర్‌నే పట్టుకోండి. లిమిట్ కన్నా గంటకి 15 మైళ్ళు, ఆపైన దాటితే 'సీరియస్' కింద లెక్క; మీది 18. లారీలో ఇలాంటివి మూడేళ్ళలో రెండు పడితే 60 రోజులు, మూడైతే 120 రోజులు కమర్షియల్ బండి ముట్టుకోకూడదు. సొంత కారులో పడ్డది మాత్రం, దానివల్ల లైసెన్సు సస్పెండ్ లేదా రద్దు అయితేనే ఈ లెక్కలో కలుస్తుంది. ట్రాఫిక్ తప్పులకి మీ స్టేట్ లైసెన్సు మీద వేసే పాయింట్లు ఇప్పటికే ఎన్నున్నాయో లాయర్‌కి ముందే చూపించండి; అవి ఎక్కువైతే లైసెన్సు సస్పెండ్ కావచ్చు, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

3. కన్విక్షన్ పడితే 30 రోజుల్లోపు కంపెనీకి రాసి ఇవ్వాలి. సొంత కారు టికెట్ కదా అని ఊరుకోకండి. పార్కింగ్ టికెట్లకైతే అక్కర్లేదు.